పావగడ శనైశ్చర క్షేత్రము

కర్ణాటక రాష్ట్రమున తుమకూరు జిల్లాకు చేరిన పావగడ తాలూకాను మూడు దిక్కులను ఆంధ్రదేశము చుట్టియున్నది. కొండకోట క్రింద వెలసిన పావగడ పట్టణమున సంతలోను గుడిలోను తెలుగు, కన్నడము రెండును వినవచ్చును. శనివారములందు, విశేషించి శ్రావణమాసమున, ఉభయ రాష్ట్రముల యాత్రికులును ఇచటి శనిమహాత్ముని దర్శింప వచ్చుచుందురు; నువ్వుల నూనెతో దీపములు వెలిగింతురు. ఆలయమున శీతలాంబయు పూజలందుకొనుచున్నది. పూర్వము అనావృష్టిచే జనులు తల్లడిల్లి ఈ చల్లని తల్లిని ఆశ్రయించిరని పెద్దలు చెప్పుదురు.

శని సూర్యునకును ఛాయాదేవికిని పుత్రుడు. శనైశ్చరుడనగా మెల్లగా నడచువాడు. ఈ పేరు ఊరక వచ్చినది కాదు. శనిగ్రహము సూర్యుని ఒకమారు చుట్టివచ్చుటకు సుమారు 29.5 సంవత్సరములు పట్టును. 12 రాశులకు పంచినచో ఒక్కొక్క రాశికి దాదాపు రెండున్నర యేండ్లగును. జన్మరాశియు, దానికి ముందు వెనుకల రాశులును కలిసి ఏడున్నర యేండ్లు. ఇదియే ఏలినాటి శని. దూరదర్శిని లేని కాలముననే మన పూర్వులు కంటిచూపుతో ఈ మందగమనమును గుర్తించిరి.

శనిమహిమను చాటు కథలలో విక్రమార్కుని కథ ప్రసిద్ధము. నవగ్రహములలో నెవరు గొప్పయను వాదమున శనిని తక్కువచేసి పలికిన ఆ రాజు రాజ్యమునకు దూరమై పరదేశము చేరెను. ఒక వర్తకుని యింట చిత్తరువులోని హంస హారమును మ్రింగగా దొంగతనము అతనిపై పడెను. కాలుసేతులు పోగొట్టుకొనిన అతనికి గానుగవాడొకడు ఆశ్రయ మిచ్చెను. గడువు తీరగానే శని ప్రత్యక్షమై వరము కోరుమనగా, తాను పడిన కష్టము మరెవరికిని కలుగరాదని విక్రమార్కుడు వేడుకొనెను.

వానలు చాలని పావగడ సీమవారికి ఈ కథ పరాయిది కాదు. వేరుసెనగ విత్తి మబ్బుకై ఎదురుచూచిన రైతు పంట పోగొట్టుకొనుట అతని దోషము కాదు. దురదృష్టపు నేల యనిపించుకొన్న తిరుమణి ప్రాంతమున, రైతులు కౌలుకిచ్చిన సుమారు 13,000 ఎకరములలో, 2019 నాటికి 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది.

విద్యార్థులారా! కష్టములోనున్నవానిని “శని పట్టినవా”డని తూలనాడుట మనకు సులభము. అది చేయని నేరమునకు విక్రమార్కుని దండించుట వంటిదే. గానుగవాడట్లు చేయలేదు, ఇంటికి తీసికొనిపోయి అన్నము పెట్టెను. పావగడలో దీపము వెలిగించునపుడు మన బాధ తొలగవలెనని మాత్రమే కాక, ఇతరులకును అట్టి బాధ రాకుండవలెనని కోరుకొందము.