కారు దిగితే కనిపించే నాసిక్

వైన్ రుచి చూద్దామని నాసిక్ వెళ్లేవాళ్లు తోటని చూసి వచ్చేస్తారు. తోటకీ తోటకీ మధ్య గట్ల మీద, వాగుల వెంట, చెరుకు మడుల్లో ఇంకో లోకం బతుకుతోంది. దాన్ని చూడాలంటే నడవాల్సిందే!

నాసిక్ వెళ్లొచ్చామంటే ఇదివరకు మనవాళ్లు అడిగే మాట ఒక్కటే: 'త్రయంబకేశ్వరుడి దర్శనం బాగా జరిగిందా?' ఇప్పుడు కాస్త గొంతు తగ్గించి ఇంకోటి కూడా అడుగుతున్నారు: 'వైన్ తోటలకి వెళ్లారా?' వెళ్లొచ్చినవాళ్ల కబుర్లూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. గంగాపూర్ డ్యామ్ పక్కన తోట, బాల్కనీలోంచి సూర్యాస్తమయం, వరసగా ఐదారు గ్లాసులు, నాలుగు ఫొటోలు, మళ్లీ హైవే. అద్దాలు బిగించిన కార్లోంచి చూస్తే దిండోరికీ నిఫాడ్‌కీ తేడా తెలియదు. ఎటు చూసినా పచ్చటి వరసలే.

అదే దారిలో జనవరి పొద్దున ఓ నాలుగు కిలోమీటర్లు నడిస్తే సంగతి వేరు. పది అడుగులకో అలికిడి. ఒకచోట నెమళ్లు రోడ్డు దాటుతుంటాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట, కాలవ గట్టున లకుముకి పిట్ట, దున్నిన నేలలో అరుస్తూ తీతువులు. కాసేపు గమనిస్తే ఇంకో విషయం బోధపడుతుంది. వీటిలో ఏదీ తోట నడుమ లేదు. అన్నీ అంచునే ఉన్నాయి.

రెండు కత్తెర్ల పంట

నాసిక్ పడమటి కనుమలకి తూర్పు పక్కన, సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఫ్రాన్స్, ఇటలీల్లో ద్రాక్షతీగ చలికాలమంతా ఆకులు రాల్చి నిద్రపోతుంది. వేసవిలో కాసి, ఆగస్టు-అక్టోబరు మధ్య కోతకొస్తుంది. ఇక్కడ తీగని నిద్రపుచ్చేంత చలి ఉండదు కాబట్టి ఆ పని రైతు చేతిలోని కత్తెర చేస్తుంది. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మల్ని దాదాపు మొదళ్ల దాకా కోసేస్తారు. దాన్ని 'ఖరడ్ ఛాటణీ' అంటారు. ఆ తర్వాత వచ్చే కొత్త రెమ్మల్లోనే రాబోయే కాపుకి మొగ్గ కడుతుంది. వానలు వెనకబట్టాక, అక్టోబరు ప్రాంతంలో మళ్లీ కోస్తారు. ఈ 'గోడీ ఛాటణీ'తో కాయ దిగుతుంది. వైన్ ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి దాకా సాగుతాయి. అప్పటికి పగలు ఎండ, రాత్రి చలి. నిఫాడ్‌లోనైతే ఒక్కోసారి పాదరసం 5 డిగ్రీల కిందికి జారుతుంది. పండబోయే గుత్తులు చలికి దెబ్బతినకుండా రైతులు తోటల్లో రాత్రిళ్లు మంటలు వేస్తారు.

ఈ ప్రాంతానికి వైన్ పేరు వచ్చి ఎంతోకాలం కాలేదు. కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ 1990ల చివర్లో గంగాపూర్ దగ్గర షెనిన్ బ్లాంక్, సావిన్యో బ్లాంక్ తీగలు నాటారు. 2000లో ఆయన సంస్థ 'సులా' తొలి వైన్లు మార్కెట్‌లోకి వచ్చాయి. మరుసటి ఏడాదే మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమకి ప్రత్యేక విధానం ప్రకటించి, వించూర్‌లో వైన్ పార్కుకి దారి వేసింది. 'నాసిక్ వ్యాలీ వైన్'కి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా ఈ దారుల్లో ఎక్కువగా కనిపించేది థాంప్సన్ సీడ్‌లెస్, సోనాకా లాంటి తినే ద్రాక్షే. రెంటినీ పోల్చుకోవడం తేలిక. వై ఆకారపు ఇనుప చట్రాల మీద పరుచుకుని, పొడుగాటి కాయలు వేలాడుతుంటే అవి బజారుకెళ్లేవి. నిలువుగా కట్టిన తీగల వెంట గోళీల్లాంటి చిన్న కాయలు, మందపాటి తోలు, లోపల గింజ ఉంటే అవి పీపాలోకి వెళ్లేవి.

కోతల కాలం, వలస పక్షులు దిగే కాలం ఇక్కడ ఒక్కటే కావడం నడిచేవాళ్ల అదృష్టం.

కాపలా పిట్ట

గట్టు మీద లాంటానా పొద ఒకటి. దాని అడుగున ఎండుటాకులు కదులుతాయి. తొండ కాబోలు అనుకుని దాటిపోబోతే బూడిదరంగు పిట్ట ఒకటి గెంతుతూ బయటికొస్తుంది. దాని వెనక ఇంకోటి, మరోటి. తోక పొడుగ్గా, ఎగిరినప్పుడు అంచుల్లో తెల్లగా మెరుస్తుంది. మరాఠీలో వీటిని 'సాత్‌భాయీ'... ఏడుగురు అన్నదమ్ములు అంటారు. లెక్కపెడితే ఏడే ఉండాలనేం లేదు కానీ గుంపు లేకుండా మాత్రం ఒక్కటీ తిరగదు. ముక్కుతో ఆకుని తిరగేయడం, కింద పురుగుంటే మింగడం, లేకపోతే పక్క ఆకు... అదీ వాటి పని. అన్నీ తల దించుకుని మేస్తుంటే ఒకటి మాత్రం తోట చివరి ఇనుప స్తంభమెక్కి కూర్చుంటుంది. షిక్రా డేగ నీడ పడిందా, పైనున్న పిట్ట కీచుమంటుంది. మరుక్షణం గుంపంతా ముళ్లలో మాయం. డేగ దాటిపోయాక మొదట పొదలోంచి తల బయటపెట్టేది పిట్ట కాదు, ముంగిస. అదీ అక్కడే దాక్కుంది మరి!

రెండడుగుల వెడల్పున్న ఆ పొద లేకపోతే ఇదేదీ లేదు. తోటలో కలుపు ఉండదు, ఎండుటాకు ఉండదు. బొట్టుబొట్టుగా నీళ్లిచ్చే పైపు కింద నేల ఊడ్చినట్టుంటుంది. బూజు తెగుళ్లకి మందులు కొట్టక తప్పదు. 2010లో ఐరోపా దేశాలు క్లోర్‌మెక్వాట్ అనే రసాయనం అవశేషాలున్నాయని మన ద్రాక్షని వెనక్కి తిప్పికొట్టాక రైతులు కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఏ మందు ఎప్పుడు కొట్టాలన్న విషయంలో జాగ్రత్త అప్పట్నుంచీ పెరిగింది. ఎంత జాగ్రత్తపడినా ద్రాక్షతోట ఒకే పంట పండే నేలే. పురుగు, పిట్ట, పాము తలదాచుకునేది గట్టు మీదే.

రైతుకి పిట్టలతో పేచీ కూడా ఉంది. పిగిలిపిట్ట గుత్తిలో ఒక్క పండు పొడిస్తే చాలు. రసం కారి పక్క పళ్లని తడుపుతుంది. దానికి కందిరీగలు, ఈగలు ముసురుతాయి. రెండ్రోజుల్లో గుత్తంతా కుళ్లుతుంది. అందుకే పండే వేళకి తోటల మీద వలలు కప్పుతారు. కోత అయ్యాక వల తీసి చుట్టిపెడితే ఇబ్బంది లేదు. చిరిగిపోయి గట్ల మీద వదిలేసిన వలలే ప్రమాదం. ఎలక కోసం వచ్చిన జెర్రిపోతు ఆ కన్నాల్లో సగం దూరి ఇరుక్కుంటుంది. వెనక్కి రాలేదు, ముందుకు పోలేదు.

చెరుకులో పుట్టే చిరుత

నడక తూర్పుకి సాగేకొద్దీ తోటల మధ్య చెరుకు ఎక్కువవుతుంది. ఊరివాళ్లు నడిచేవాళ్లకి చెప్పే జాగ్రత్త ఒక్కటే: పొద్దుగూకేలోపు రోడ్డెక్కేయండి. ఇది చిరుతల సీమ!

ఇక్కడి చిరుత అడవి తప్పిపోయి ఊళ్లోకొచ్చింది కాదు. చెరుకులోనే పుట్టి, పెరిగి, పిల్లల్ని కనేది. నాసిక్ జిల్లాకి ఆనుకునే ఉన్న అకోలే లోయలో శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ బృందం కెమెరాలు పెట్టి చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. చదరపు కిలోమీటరుకి 300 మందికి పైగా మనుషులుండే ఆ పొలాల మధ్య, ప్రతి 100 చదరపు కిలోమీటర్లకి దాదాపు 5 పెద్ద చిరుతలూ అన్నే దుమ్ములగొండులూ ఉన్నాయని తేలింది. చిరుతల తిండి సంగతి తర్వాత మరో అధ్యయనం చెప్పింది. సింహభాగం ఊరి జంతువులే. అందులోనూ ఎక్కువ వాటా కుక్కలది.

అదే శాస్త్రవేత్తలు 2009లో అహ్మద్‌నగర్ జిల్లాలో ఒక బావిలో పడిన ముసలి మగ చిరుతని బయటికి తీశాక మెడకి కాలర్ కట్టి మాల్షేజ్ ఘాట్‌లో వదిలారు. పేరు 'ఆజోబా', అంటే తాతయ్య. పొలాలూ రోడ్లూ దాటుకుంటూ 120 కిలోమీటర్లు నడిచి, కొన్ని వారాల్లోనే ముంబయి శివార్లలోని సంజయ్ గాంధీ నేషనల్ పార్కు చేరింది. దారిలో మనుషుల మీద దాడి చేయలేదు. చివరికి 2011లో వాహనం ఢీకొని చనిపోయింది. దాని కథ మీద మరాఠీలో సినిమా కూడా వచ్చింది.

అలాగని చిరుతతో సహవాసం ముద్దుముచ్చట కాదు. దాడుల్లో పిల్లలు చనిపోయిన ఇళ్లు ఈ తాలూకాల్లో ఉన్నాయి. అయితే పట్టుకెళ్లి ఎక్కడో వదిలేస్తే సమస్య తీరుతుందనుకోవడం పొరపాటని పుణె జిల్లా జున్నర్ అనుభవం చూపింది. అక్కడ పట్టిన చిరుతల్ని దూరంగా వదిలాక, వదిలిన చోట్ల దాడులు పెరిగాయి. ద్రాక్ష కోతల సమయంలోనే చెరుకు నరుకుడూ సాగుతుంది. మడిలో కూనలు దొరికితే అటవీ సిబ్బంది వాటిని పెట్టెలో పెట్టి, దొరికిన చోటే రాత్రికి ఉంచుతారు. తల్లి వచ్చి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుపోతుంది.

చిరుతకీ నక్కకీ అడవిపిల్లికీ ఇక్కడున్న పెద్ద గండం గోడ లేని బావి. దాని తర్వాతది ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి గుంట. దాహానికి దిగిన జంతువుకి నున్నటి షీటు మీద గోళ్లు ఆనవు. బావికి నడుమెత్తు గోడ కట్టి, గుంటలోకి తాడు వల వేలాడదీస్తే చాలు, ఈ జంతువులు బతికి బయటపడతాయి.

జటాయువు చుట్టాలు

పడమటికి, త్రయంబకం దారి పడితే కుడి ఎడమల తోటలు పలచబడి నల్లరాతి కొండలు మొదలవుతాయి. అందులో అంజనేరి ఒకటి. హనుమంతుడు పుట్టింది ఇక్కడేనని ఊరివాళ్ల నమ్మకం. 2021లో తితిదే తిరుమల అంజనాద్రే జన్మస్థలమని ప్రకటించింది. ఆ తగువు మనకెందుకు కానీ, తల పైకెత్తి కొండ చరియల్ని చూడండి. తెల్లటి చారికలు కనిపిస్తే అవి పొడుగుముక్కు రాబందుల గూళ్లున్న చోట్లు. పశువులకిచ్చే డైక్లోఫినాక్ అనే నొప్పి మందు, కళేబరాల ద్వారా వాటి కడుపులోకి చేరి మూత్రపిండాల్ని దెబ్బతీసింది. 1990ల నుంచి పదిహేనేళ్లలో ఈ జాతిలో 90 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయింది. పశువైద్యంలో ఆ మందుని 2006లో నిషేధించారు. త్రయంబకానికి అవతల హర్సూల్ దగ్గర ఖోరీపాడాలో ఊరివాళ్లే చనిపోయిన పశువుల్ని ఒకచోట పెట్టి రాబందులకి మేపుతున్నారు.

సీతమ్మ కోసం రెక్కలు తెగిన జటాయువు పంచవటి పక్షి. నాసిక్‌లోనూ పంచవటి ఉంది, మన పర్ణశాలవాళ్లూ అది మాదేనంటారు. పురాణం ఎవరిదైనా రాబందులు మన వైపూ కనిపించాయి. 2013లో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు పక్కన పాలరాపు గుట్ట మీద ఇదే జాతి గూళ్లు బయటపడ్డాయి. ఆ వాగు నీళ్లు ప్రాణహితలో కలిసి గోదారికే చేరతాయి.

నది రెండు కొసలు

ఈ దారులన్నిటికీ దిక్కు చూపేది గోదారే. బ్రహ్మగిరిలో పుట్టి, గంగాపూర్‌లో ఆగి, నాసిక్ దాటి నలభై కిలోమీటర్లు వెళ్లాక కాడ్వా నదిని కలుపుకుంటుంది. అక్కడ బ్రిటిష్ కాలంలో కట్టిన ఆనకట్ట వెనక పూడిక చేరి, గడ్డి మొలిచి, నందూర్ మధ్మేశ్వర్ పక్షుల నెలవు తయారైంది. 2020 జనవరిలో రాంసర్ జాబితాలో చేరినట్టు ప్రకటించారు. మహారాష్ట్రలో ఆ గుర్తింపు పొందిన తొలి చిత్తడినేల ఇదే. సూదితోక బాతులు, చెంచామూతి బాతులు, ఎర్రకాళ్ల కొంగలు, ఊదారంగు నీటికోళ్లు... కొల్లేరు చూసినవాళ్లకి ఇవన్నీ పాత పరిచయాలే. గోదారి పుట్టిన చోటు నుంచి మన నేల మీదుగా సముద్రం చేరేసరికి మొత్తం 1,465 కిలోమీటర్లు. ఆ కొసన కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు, చేపలు పట్టే బావురుపిల్లులు ఉన్నాయి. ఎగువన తోటల్లో కొట్టిన మందైనా, వాగులో తోసిన మట్టైనా ఈ నీళ్లలోకే దిగుతుంది.

నడవాలనుకుంటే...

* నవంబరు-ఫిబ్రవరి మధ్య అనువైన కాలం. కోతలు చూడాలంటే జనవరి చివర, ఫిబ్రవరి.
* సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్ స్టేషన్ మీదుగా వెళ్తుంది. అక్కణ్నుంచి గంగాపూర్, దిండోరి, నిఫాడ్ వైపు బస్సులుంటాయి.
* పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదింటి దాకా నడక. వైన్ రుచి ఏదైనా ఆ తర్వాతే.
* తోటలోకి అడుగుపెట్టాలంటే రైతుని అడగాలి. మందు కొట్టిన రోజు లోపలికి రానివ్వరు, వెళ్లకూడదు కూడా.
* చీకటి పడ్డాక చెరుకు పక్కన నడవొద్దు. పిల్లలుంటే మధ్యలో ఉంచుకోవాలి.

వాగుకి ఎంత వదిలారు?

అమెరికాలోని మనవాళ్లకి వైన్ అనగానే గుర్తొచ్చే చోట్లు నాపా, సొనోమా. అక్కడ తోటల్లో ఎలకల్ని పట్టడానికి గుడ్లగూబలకి చెక్కపెట్టెలు కట్టి మరీ పిలుస్తారు. సొనోమాలో పరిశోధకులు జోడీ హిల్టీ, ఆడినా మెరెన్లెండర్ తోటల్లోనూ వాగుల వెంటా కెమెరాలు పెట్టి చూసి, ఫలితాల్ని 2004లో ప్రచురించారు. వేటాడే జంతువులు తోటల్లో కన్నా వాగు గట్ల మీద 11 రెట్లు ఎక్కువగా నమోదయ్యాయి. చెట్ల పట్టీ వెడల్పుగా ఉన్నచోట అక్కడి సొంత జంతువులు బాగా తిరిగాయి. నాసిక్ గట్ల మీద నడిచినవాళ్లకి కళ్లతో కనిపించేదీ ఇదే.

అందుకని ద్రాక్షతోటని తప్పుపట్టనక్కర్లేదు. మేడ్చల్, శామీర్‌పేట వైపు ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ తోటలుండేవని హైదరాబాదీ పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అవి పోయి ప్లాట్లు వచ్చాయి. తోటతోపాటు గట్టూ పోయింది, వాగూ పోయింది. నాసిక్‌లోనూ హోటళ్లు, ఫామ్‌హౌస్‌లు తోటల పక్కకే వస్తున్నాయి. మొదట చదును చేసేది ఎవరికీ పనికిరానట్టు కనిపించే ఆ రెండడుగుల గట్టునే. తోట నిలబడితేనే గట్టు నిలుస్తుంది. గట్టుకి విలువ ఉందని తోటవాళ్లకి తెలిస్తేనే దాన్ని ఉంచుతారు.

తెలియజేయాల్సింది కొనేవాళ్లే. టేస్టింగ్ కౌంటర్ దగ్గర ఏ పీపాలో ఎన్నాళ్లు ఉంచారో, ఏ కూరకి ఏ వైన్ నప్పుతుందో ఎటూ వాళ్లే చెబుతారు. మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి: వాగుకి ఎన్ని మీటర్లు వదిలారు? బావికి గోడ కట్టారా? కోత అయ్యాక వలలు తీశారా? తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్ల సీసాకి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా మనకి నష్టం లేదు.