పిల్లికి థైరాయిడ్, కిడ్నీ జబ్బులు రెండూ ఉంటే

తగరపువలసలో ముసలి పిల్లిని పెంచుకునేవారు ఒక సంగతి గమనించాలి. గిన్నె ఖాళీ చేస్తూనే పిల్లి బక్కచిక్కిపోతుంటే థైరాయిడ్ ఎక్కువై ఉండొచ్చు. 1979లో అమెరికాలో పిల్లుల్లో తొలిసారి వివరించిన ఈ జబ్బు కిడ్నీ జబ్బును కప్పిపెడుతుంది. ఎక్కువైన హార్మోను కిడ్నీలకు రక్తప్రవాహాన్ని పెంచుతుంది, కండను కరిగిస్తుంది. దాంతో రక్తపరీక్షలో కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ తక్కువగా కనిపిస్తుంది.

థైరాయిడ్‌ను తగ్గించే మందు మొదలయ్యాక ఆ అంకె పెరిగితే, మందే కిడ్నీలను పాడుచేసిందనిపించడం సహజం. కానీ చాలావరకు బయటపడేది అప్పటికే ఉన్న కిడ్నీ జబ్బు. భయపడి మందు ఆపేస్తే బీపీ, గుండె మీద భారం పెరిగి కిడ్నీలకూ చేటు జరుగుతుంది. అలాగని మోతాదు ఎక్కువై థైరాయిడ్ మరీ పడిపోయినా ముప్పే. కాబట్టి మెథిమజోల్ అనే ఈ మందును తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాల్లో టీ4 (థైరాయిడ్ హార్మోను), క్రియాటినిన్, బీపీ పరీక్షించి సరిచేయించాలి. ఇంట్లోని మనుషుల థైరాయిడ్ మాత్రను మాత్రం విరిచి వేయకండి. పశువైద్యుణ్ణి అడగండి.