తొట్టిలో పాచి పోవాలా? ముందు లైటు ఆపండి

పిట్టలవానిపాలెం కాలవ గట్టున నిలబడితే నీళ్లలో నాచు కనిపించడం మామూలే, ఎవరూ పట్టించుకోరు. అదే పాచి హాల్లో గాజు తొట్టికి పట్టిందా, ఇల్లంతా గోల. చేపల చెరువు రైతులైతే నీళ్లు పచ్చబడాలని యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వేసి మరీ పెంచుతారు. ఆ పచ్చదనంలోని ప్లాంక్టనే చేపలకి మేత. తొట్టిలో మనం తెలియకుండా అదే పని చేస్తాం. మిగిలిన మేత, చేపల వ్యర్థాలు కుళ్లి నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకుంటాయి. పైన పొద్దస్తమానం లైటు. పాచికి ఇంకేం కావాలి?

అందంగా ఉంటుందని నా తొట్టిని కిటికీ పక్కన పెట్టాను. కొద్దిరోజులకే నీళ్లు గోరింటాకు పిండినట్టయ్యాయి. చిరాకేసి నీళ్లన్నీ పారబోసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద రుద్ది రుద్ది కడిగా. రెండ్రోజుల్లో మూడు గప్పీలు పోయాయి. పాచి వల్ల కాదు, నా శుభ్రత వల్ల! చేపలు వదిలే అమ్మోనియాని విరిచే బ్యాక్టీరియా ఆ స్పాంజిలోనే ఉంటుంది. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే అది చచ్చిపోతుంది. అందుకే స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు, టైమర్ ప్లగ్ పెట్టేస్తే గుర్తుంచుకునే బాధ లేదు. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోగొట్టే మందు కలిపాకే పోయండి. నీళ్లు మొత్తం పచ్చబడితే మూడు రోజులు లైటాపి దుప్పటి కప్పేయండి. ఎయిర్ పంపు మాత్రం ఆపొద్దు, చచ్చే పాచి కుళ్లుతూ ఆక్సిజన్ లాగేస్తుంది. కొత్త తొట్టిలో గోధుమరంగు పొర కనిపిస్తే కంగారొద్దు, కొన్ని వారాల్లో చాలావరకు అదే తగ్గుతుంది. ఖర్చు లేని చిట్కా ఒకటుంది: మనీప్లాంట్ కొమ్మ వేళ్లు నీళ్లలోకి వదలండి, ఆకులు బయటే. పాచికి దక్కాల్సిన నైట్రేట్ అది లాగేసుకుంటుంది.

షాపువాళ్లు ‘పాచి తినేస్తుంది’ అని సక్కర్ ఫిష్ అంటగడతారు. కొన్నప్పుడు వేలెడంత, పెరిగితే అడుగు దాటుతుంది. పెద్దదయ్యేకొద్దీ పాచి మీద మోజు తగ్గుతుంది, వ్యర్థాలు పెరుగుతాయి. విసుగొచ్చి కాలవలో మాత్రం వదలొద్దు. మన నీళ్లలో ఇప్పటికే పాకిన ఈ చేప జాలర్ల వలలు చింపేస్తోంది. కొన్నచోటే తిరిగిచ్చేయండి.

పాచి తినేవే కావాలంటే నెరైట్ నత్తలు తెచ్చుకోండి. మంచినీళ్లలో వాటి పిల్లలు బతకవు కాబట్టి తొట్టినిండా నత్తలయ్యే భయం లేదు. కాకపోతే అద్దానికి తెల్లచుక్కల్లా గుడ్లు అంటిస్తాయి. గోకడం మీ వంతు.