వార్తల్లో పదం: రిజిస్టర్ నుంచి పేరు తొలగింపు

తప్పు రుజువైన డాక్టరుకు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వేయగల అతి పెద్ద శిక్ష ఇది. కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుంటేనే ప్రాక్టీసు. ఆ పేరును కొన్నాళ్లపాటు గానీ, శాశ్వతంగా గానీ తీసేస్తారు. 2002 నాటి వైద్య నీతి నియమావళి ప్రకారం ఫిర్యాదును 6 నెలల్లో తేల్చాలి. కాగితం మీద మాట అది.

చికిత్సలో నిర్లక్ష్యం ఒక్కటే కాదు; రోగిని ఫలానా చోటికి పంపినందుకు కమీషన్ పుచ్చుకోవడం, దొంగ సర్టిఫికెట్ రాసివ్వడం కూడా ఈ శిక్ష కిందికే వస్తాయి. రోగి గానీ, అతని తరఫువాళ్లు గానీ అడిగితే చికిత్స రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి, ఇవ్వకపోయినా తప్పే. ఫిర్యాదు చేయాలనుకునేవాళ్లు ముందు చేయాల్సిన పని అదే: రాతపూర్వకంగా కేస్ షీట్ అడిగి, అందినట్టు సంతకం తీసుకోవడం.

నష్టపరిహారం కావాలంటే మాత్రం వినియోగదారుల కమిషన్‌కో, సివిల్ కోర్టుకో వెళ్లాలి. క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కౌన్సిల్ నిర్ణయం నచ్చకపోతే జాతీయ వైద్య కమిషన్‌లోని ఎథిక్స్ బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చని 2019 చట్టం చెబుతోంది. ఎవరు? డాక్టరు. అప్పీలు సెక్షన్‌లో రోగి ఊసే లేదు. 2002 నియమాలైతే అప్పీలు అవకాశాన్ని బాధితులెవరికైనా ఇచ్చాయి.