కడుపులో మందు లేదు

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఆడమనిషి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తడం లేదంటే, కోనసీమలో గానీ, నరసాపురం, పాలకొల్లు వైపు గానీ ఇంట్లోవాళ్ళకి ముందుగా తట్టే మాట ఒకటే: "అక్కడెవరో పెట్టుడు మందు పెట్టేశారండి." వెంటనే మందు కక్కించేవాడి ఇల్లు వెతుకుతారు. మనసు వైద్యానికి నా దగ్గరికి వచ్చే ఇలాంటి ఆడవాళ్ళలో చాలామంది ముందు ఆ గుమ్మం తొక్కి వచ్చినవాళ్ళే. గొంతు ఒరిసిపోయి, ఒళ్ళు నీరసించి, పక్కన ఎవరు చెయ్యి కదిపినా ఉలిక్కిపడుతూ వస్తారు. మిగతా అపోహలు కాసేపు ఆగినా ఫరవాలేదు. ఇది ఆగేది కాదు.

మనం తిన్న అన్నం నాలుగైదు గంటల్లో కడుపు దాటి పేగుల్లోకి వెళ్ళిపోతుంది. ఎప్పుడో నెలల కిందట కువైట్‌లో కూరలో కలిపిందేదో ఇవాళ రాజోలులో వాంతిలో పడడం జరగని పని. మరి కక్కించేవాడు పళ్ళెంలో చూపించిన నల్లటి ముద్ద సంగతేంటని అడుగుతారు. అది తాగించిన పసరులోంచి వచ్చిందో, కక్కించేవాడి వేళ్ళ సందులోంచి జారిందో అయి ఉంటుంది. వెంట్రుకలు పీక్కుని తినే జబ్బు ఉన్నవాళ్ళ కడుపులో అవి ఉండ కట్టే మాట నిజమే. దాన్ని ఎండోస్కోపీతోనో ఆపరేషన్‌తోనో తీయాలి తప్ప పసరు తాగించి రప్పించలేరు.

పదే పదే వాంతులైతే ఒంట్లో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అన్నవాహిక చిట్లవచ్చు. ఇవన్నీ ఏ డాక్టరైనా చెబుతారు. నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. ఆమెను ఇద్దరు పట్టుకుంటారు. వద్దన్నా నోట్లో పోస్తారు. ఏడిస్తే "లోపలున్నది ఏడిపిస్తోంది" అంటారు. అక్కడ పరాయి ఇంట్లో ఆమె 'వద్దు' అన్న మాటకి విలువ లేకుండా పోయింది. ఇక్కడ సొంతవాళ్ళు, ప్రేమతోనే, అదే పని మళ్ళీ చేస్తున్నారు. ఆ రోజు తర్వాత ఆమె మనల్ని కూడా నమ్మదు.

ఈ నమ్మకం ఇంత గట్టిగా పాతుకోవడానికి కారణం లేకపోలేదు. ఆమె కడుపు నొప్పి నిజం, వికారం నిజం. భయం తగ్గని శరీరంలో జీర్ణం మందగిస్తుంది, ఆకలి చస్తుంది, కడుపులో ఏదో ముడిపడినట్టే ఉంటుంది. వాంతులతో అలసిపోయి ఆ రాత్రి కాస్త నిద్రపోతే గుణం కనిపించిందంటారు. మూడోనాటికి మళ్ళీ మొదలైతే "ఇంకా కొంచెం మిగిలిపోయింది" అని కక్కించేవాడు ఇంకో తేదీ చెబుతాడు. ఇంట్లోవాళ్ళకీ ఈ కథ ఒక రకంగా సుఖమే. తప్పంతా దూరదేశపు కూరగిన్నెలో ఉందంటే, ఆమె చెప్పేది వినాల్సిన పని తప్పుతుంది.

ఒక్కసారి మన గోదావరి జిల్లాల్లో జరిగినవే గుర్తు చేసుకోండి. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. 2015 జూలై 14న, పుష్కరాల తొలిరోజే, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. ఇలాంటివాటి నుంచి బతికి బయటపడ్డవాళ్ళకి నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే గుండె దడదడలాడడం, జరిగిందే కళ్ళముందు తిరగడం, ఆ చోటికి అడుగు పెట్టలేకపోవడం, ముద్ద దిగకపోవడం మామూలు. వాళ్ళకి ఎవరు ఏం మందు పెట్టారు? లక్షణాలు అవే, కారణం కళ్ళముందే ఉంది. గల్ఫ్ నుంచి వచ్చినామెకు జరిగింది మనం చూడలేదు. ఉన్న తేడా అంతే.

ఆమెకు అక్కడ ఏం జరుగుతుందో తెలియనిదేమీ కాదు. కఫాలా పద్ధతిలో వీసా యజమాని చేతిలో ఉంటుంది. ఖద్దామా (ఇంటిపనిమనిషి) పనికి వెళ్ళినామె ఇల్లు దాటి బయటికొస్తే పారిపోయిందని కేసు పెట్టవచ్చు. కువైట్ 2015లోనే ఇంటిపనివాళ్ళ కోసం చట్టం చేసింది. రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు లాక్కోకూడదు అని అందులో ఉంది. తలుపు మూసిన ఇంట్లో ఆ చట్టం అమలవుతోందో లేదో చూసేదెవరు? జీతం ఆపడం, తిండి తగ్గించడం, కొట్టడం, అంతకంటే ఘోరమైనవి కూడా జరుగుతాయి. అందరికీ జరగవు. జరిగినవాళ్ళు తిరిగొచ్చాక మాట్లాడకపోతే మాత్రం ఊరు రెండు రకాలుగానే అర్థం చేసుకుంటుంది: మందన్నా పెట్టి ఉండాలి, లేదా ఆమే ఏదో తప్పు చేసి ఉండాలి. రెండోది మొదటిదానికంటే నీచమైన మాట. నిస్సహాయంగా ఉండిపోయిన మనిషికి నోరు పెగలకపోవడం దెబ్బతిన్న మనసు చేసే పని. దాన్ని నేరానికి సాక్ష్యంగా చూడకండి.

వైద్యంలో నేను మొదట చేసేది ఆమె చేతిలోంచి పోయిన నిర్ణయాలను చిన్నవాటితో మొదలుపెట్టి తిరిగి ఇవ్వడం. ఏ కుర్చీలో కూర్చుంటారు, తలుపు తెరిచి ఉంచమంటారా, అత్తగారు లోపల ఉండాలా బయట ఉండాలా, ఇవాళ ఎంతసేపు మాట్లాడదాం అని అడుగుతాను. చాలామంది మొదట "మీ ఇష్టమండి" అంటారు. నేను మళ్ళీ అడుగుతాను. ఒకరోజు "ఇవాళ వద్దండి, ఇక్కడితో ఆపేద్దాం" అంటారు. ఆ మాట వినగానే నాకు ధైర్యం వస్తుంది. నిద్ర, తిండి కుదుటపడ్డాక, ఆమె సరేనన్నాకే జరిగినదాని దగ్గరికి మెల్లగా వెళ్తాం. దీనికి పరీక్షకు నిలిచిన పద్ధతులున్నాయి. ట్రామా మీద దృష్టి పెట్టే సీబీటీ అనే మాటల చికిత్సను, కళ్ళ కదలికలతో చేసే ఈఎండీఆర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లోనే సిఫారసు చేసింది.

ఇక చిన్నాచితకా అపోహలు. కౌన్సెలింగ్‌కి వెళ్తే పిచ్చి ముద్ర పడుతుందన్నది అబద్ధం. సైకియాట్రిస్టు రాసే డిప్రెషన్ మాత్రలు మత్తులా మరిగిపోవు. మీ అంతట మీరు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలే మరుగుతాయి. మగవాళ్ళకి ఇవి రావనడం అన్యాయం. ఇంకో కాన్పు అయితే సర్దుకుంటుందని సలహా ఇచ్చేవాళ్ళు దయచేసి నోరు అదుపులో పెట్టుకోండి. జరిగిందంతా ఒక్కసారి కక్కేస్తే బరువు దిగుతుందన్నదీ తప్పే. ఒక్క సిట్టింగులో అన్నీ చెప్పించడం మేలు చేయదని, కొందరికి కీడు కూడా చేయవచ్చని పరిశోధనలు తేల్చాయి.

ఒక్క మాట దగ్గర మాత్రం నేను కొంత తగ్గాలి. "కాలమే మానుస్తుంది" అని పెద్దవాళ్ళు అంటే ఒకప్పుడు నాకు విసుగొచ్చేది. ఆ మాటలో నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం, ఘోరమైన అనుభవాలు ఎదురైనవాళ్ళలో పీటీఎస్‌డీ (అలాంటి అనుభవం తర్వాత పట్టుకునే మానసిక రుగ్మత) బారిన పడేది 5.6 శాతమే. పడ్డవాళ్ళలో కూడా 40 శాతం దాకా ఏడాదిలో కోలుకుంటారు. లైంగిక హింసకు గురైనవాళ్ళలో ఈ ముప్పు చాలా ఎక్కువ. పైగా కాలం ఒంటరిగా ఏమీ చేయలేదు. పక్కన నమ్మకంగా ఒక మనిషి ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. నెల దాటినా నిద్ర రాకపోతే, పిల్లల్ని దగ్గరికి తీసుకోలేకపోతే, చచ్చిపోవాలన్న మాట వస్తే ఇక కాలం మీద వదిలేయకండి.

అప్పుడు కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్ళండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు. తాయెత్తుతోనో మంత్రంతోనో జబ్బులు కుదురుస్తామని ప్రచారం చేసుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరమని అలాంటి బోర్డులు పెట్టేవాళ్ళకి మీరైనా చెప్పండి. ఇంట్లో "ఏం జరిగింది?" అని గుచ్చి గుచ్చి అడగొద్దు. "నీకిప్పుడేం కావాలమ్మా?" అని అడగండి. ఆమె పంపిన డబ్బు ఎంత, దేనికైంది అన్న లెక్క ఆమెకే ఇవ్వండి. ఇకనుంచి ఆమె సంపాదన ఆమె ఖాతాలోనే ఉండనివ్వండి. జీతం బాకీ మీద, ఏజెంటు మీద ఫిర్యాదు పెట్టాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాలి. పెడతానంటే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్ ఉంది, తోడు వెళ్ళండి.

కొందరు కోలుకున్నాక మళ్ళీ వెళ్తామంటారు. అప్పులుంటాయి, పిల్లల చదువులుంటాయి. ఇంట్లోవాళ్ళు నా వైపు చూసి, "మీరైనా వద్దని చెప్పండి మేడమ్" అంటారు. నేను చెప్పను. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోమంటాను. విజిట్ వీసా మీద పని ఇప్పిస్తానంటే ఆ ఏజెంటును నమ్మొద్దంటాను. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు కాపీలు ఇంట్లో ఒక సెట్టు, ఫోన్‌లో ఒక సెట్టు ఉంచుకోమంటాను. ఎంబసీ నంబరు బట్టీ పట్టమంటాను.