చెవి కోసం రాసే వాక్యం: ఫొటో వివరణలూ, ముళబాగిలు తెలుగూ

ముళబాగిలు అన్న పేరులో కన్నడ 'మూడల', 'బాగిలు' అనే మాటలున్నాయని చెబుతారు. మూడల అంటే తూర్పు. బాగిలు మన వాకిలికి సోదర పదమే. కోలారు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ తూర్పు వాకిట చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా విభాగంలో చదువుతున్న ఒక విద్యార్థిది ఆ ప్రాంతమే. అతనికి చూపు లేదు. పాఠాలైనా, స్నేహితుల కబుర్లైనా ఫోనులోని స్క్రీన్ రీడర్ చదువుతుంటే వింటాడు.

ఒకసారి పరీక్ష తేదీ మారింది. మేము నోటీసును కాగితం మీద రాసి, దాన్ని ఫొటో తీసి విద్యార్థుల వాట్సాప్ గుంపులో పెట్టాము. అతని ఫోను అక్కడ ఒక ఫొటో ఉందని మాత్రం చెప్పి ఊరుకుంది. పాత తేదీన అతను తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి, తాళం వేసిన గది ముందు నిలబడ్డాడు. ఇన్నేళ్ళుగా భాష బోధిస్తున్న మాకు, మాటగా పోవలసినదాన్ని బొమ్మ చేసి పంపుతున్నామన్న సంగతి అంతవరకు తట్టలేదు.

ఫొటోకు మాటల్లో వివరణ జతచేసే ఏర్పాటు కొత్తదేమీ కాదు. 1995 నాటి హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలోనే దానికి చోటుంది; ఆల్ట్ టెక్స్ట్ అంటారు. ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) 2016లో, ఇన్‌స్టాగ్రామ్ 2018లో ఈ వివరణను వాడేవాళ్ళే రాసుకునే వీలు కల్పించాయి. ఫేస్‌బుక్ 2016లో యంత్రం చేత చెప్పించడం మొదలుపెట్టింది. మొదట్లో అది మనుషులు, చెట్టు, ఆకాశం అంటూ జాబితా చదివేది. ఇవాళ్టి యంత్రాలు వాక్యాలే రాస్తున్నాయి గాని, ఆ ఫొటోను మనం ఎందుకు పెట్టామో వాటికి తెలియదు.

ముళబాగిలు దగ్గరి కురుడుమలె వినాయకుడి గుడి ఫొటోను ఉదాహరణగా తీసుకుందాం. (కన్నడంలో కురుడు అంటే గుడ్డితనం. ఊరి పేరుకు మాత్రం దానితో సంబంధం లేదు, దేవతలు కూడిన కూడుమలె అని స్థానికులు చెబుతారు.) మా తరగతిలో ఒక అమ్మాయి ఇలా రాసింది: "నల్లరాతితో చెక్కిన, పూలదండలు వేసిన, పదమూడడుగుల ఎత్తున్న, పక్కన పూజారి నిలబడి హారతి ఇస్తున్న వినాయకుడు." వ్యాకరణ దోషం లేదు. అయినా వినేవాడికి కష్టం. తెలుగులో విశేషణాలన్నీ ముందు వచ్చి, అసలు నామం చివర వస్తుంది. కాగితం మీదైతే కన్ను ముందుకు దూకి వినాయకుణ్ణి పట్టుకుంటుంది. చెవికి ఆ వీలు లేదు. దేని గురించో తెలియకుండానే నాలుగు విశేషణాలను మోస్తూ కూర్చోవాలి. కాబట్టి నామాన్ని ముందు చెప్పి, వాక్యాన్ని తుంచాలి: "కురుడుమలె వినాయకుడి విగ్రహం, హారతి వేళ. నల్లరాయి, మెడ నిండా పూలదండలు. పక్కనున్న పూజారి విగ్రహం ఎత్తులో సగం కూడా లేరు." చివరి వాక్యం అడుగుల లెక్క కంటే బాగా పనిచేస్తుందని మా అభిప్రాయం.

అదే మా విద్యార్థికి చదివి వినిపించాము. అతను నవ్వి, "వినాయకుడు నాకు తెలిసినోడే సార్, ఫొటోలో మా అత్త వచ్చిండాదా లేదా, అది చెప్పండి" అన్నాడు. పండుగనాడు బంధువులు పంపిన ఫొటో అది. శిల్పం చదివేవారికి రాయి ముఖ్యం, ఇంటివాళ్ళకు మనుషులు ముఖ్యం. ఒకే ఫొటోకు ఒకే సరైన వివరణ ఉండదు.

తెలుగులో ఇంకొక చిక్కు ఉంది. మన క్రియ మర్యాదనూ లింగాన్నీ చెప్పక తప్పదు: నవ్వుతున్నాడు, నవ్వుతోంది, నవ్వుతున్నారు. ఫొటోలోని మనిషి ఎవరో తెలియనప్పుడు ఏదో ఒకటి ఊహించి రాస్తాము. "నవ్వుతున్న మనిషి, తలపాగా, చేతిలో సంచి" అని నామంతో ఆపితే ఆ ఊహ అక్కర్లేదు. ఇది పైన చెప్పినదానికి విరుద్ధం కదా అనవచ్చు. ఒక్క విశేషణాన్ని చెవి సులభంగానే మోస్తుంది. ఇద్దరు స్త్రీలను చూసి తల్లీకూతుళ్ళని తీర్మానించడం కూడా మానాలి. "ఈ ఫొటోలో" అని మొదలుపెట్టనక్కర్లేదు, ఫొటో అని స్క్రీన్ రీడర్ చెబుతుంది. రంగులు మాత్రం వదలవద్దు. వినేవారిలో కొంత చూపున్నవారూ, నడివయసులో చూపు పోయినవారూ ఉంటారు. పసుపుచీర అంటే వారికి పసుపుచీర కనబడుతుంది.

సరిహద్దు విద్యార్థులు ఎక్కువగా పట్టించుకోవలసింది లిపి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగును ఇంగ్లీషు గొంతు చదివితే పోల్చుకోవడం కష్టం. తెలుగు లిపి రానివారు కన్నడ లిపిలోనే తెలుగు రాయడం ఆ ప్రాంతంలో వింత కాదు. దాన్ని కన్నడ గొంతు చదివినా మాట చాలావరకు తెలుస్తుంది, ఎందుకంటే రెండు లిపుల్లోనూ ధ్వనికి తగ్గ అక్షరం ఉంది. వేలితో చదివేవారికైతే ఈ భేదం దాదాపు లేదు. 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలీలో తెలుగు 'క'కూ కన్నడ 'క'కూ ఒకే చుక్క గుర్తు. కాబట్టి తెలుగు లిపి వస్తే తెలుగులో, రాకపోతే కన్నడ లిపిలో రాయండి.

మా విభాగం నోటీసులను ఇప్పుడు టైపు చేసి పంపుతున్నాము. ఫొటో పెట్టక తప్పనప్పుడు తేదీ, గంట, గది నంబరు దాని కిందే రాస్తున్నాము. అత్త సంగతి కూడా కనుక్కున్నాము. వచ్చింది, ఎడమ చివర, పసుపుచీరలో.