పిజ్జా దుకాణాలు - మన పాలు

ఈ మధ్య విడవలూరు వైపు ఒక సంఘ సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "నెల్లూరులో మా మనవడు పిజ్జా తిన్నాడయ్యా. దానిమీద తీగలు తీగలుగా సాగేది పాలతో చేసిందేనా, రబ్బరా?" అని అడిగారు. అందరూ నవ్వారు. కాని అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు.

పులియబెట్టిన మైదా రొట్టె మీద టమాటా గుజ్జు పూసి, చీజ్ తురుము చల్లి, పెద్ద సెగలో కాల్చినదే పిజ్జా. దీని పుట్టిల్లు ఇటలీలోని నేపుల్స్. మన పట్టణాలకు మాత్రం అమెరికా కంపెనీల పేర్లతో వచ్చింది.

వాటిలో పిజ్జా హట్‌ను 1958లో విచిటా పట్టణంలో కార్నీ సోదరులు తల్లి దగ్గర 600 డాలర్లు అప్పు తీసుకుని ప్రారంభించారు. కుటుంబమంతా కూర్చుని తినే హోటలుగా దానికి పేరు. మూకుడు వంటి లోతైన పళ్ళెంలో నూనె వేసి కాల్చే మందపాటి 'పాన్' రొట్టె దాని ప్రత్యేకత. 1996లో బెంగుళూరులో దాని మొదటి భారతీయ శాఖ తెరిచారు.

డామినోస్ దారి వేరు. 1960లో మిషిగన్ రాష్ట్రంలో మోనహన్ సోదరులు మొదలుపెట్టారు. కొద్ది నెలలకే తమ్ముడు విసిగి, ఒక పాత కారు పుచ్చుకుని తన సగం వాటాను అన్నకు వదిలేశాడట! ఆ అన్న కూర్చోబెట్టి వడ్డించడం కంటే ఇంటికి చేర్చడమే వ్యాపారంగా పెంచాడు. 30 నిమిషాల్లో అందకపోతే డబ్బు వద్దనే మాటతో పేరు వచ్చింది. తొందరలో రోడ్డు ప్రమాదాలు జరిగి, కోర్టు కేసులు పడడంతో 1993లో అమెరికాలో ఆ హామీని మానుకున్నారు. మన దేశంలో మొదటి దుకాణం 1996 జనవరిలో ఢిల్లీలో తెరిచారు. నేడు అమెరికా తరువాత ఆ కంపెనీ దుకాణాలు ఎక్కువగా ఉన్నది మన దేశంలోనే. పిండిని ఒకచోట కలిపి చల్లటి బండ్లలో శాఖలకు పంపుతారు. మన శీతలీకరణ కేంద్రం పద్ధతికి ఇది కొంత దగ్గరే.

కూర్చోబెట్టినా, ఇంటికి పంపినా, ఏ దుకాణానికైనా చీజ్ తప్పదు. నిఘంటువుల్లో దీనికి జున్ను అని రాశారు గాని, మన ముర్రుపాల జున్నుకూ దీనికీ పోలిక లేదు. పిజ్జాకు వాడేది మోజరెల్లా. ఇటలీలో ఇది గేదె పాలతో పేరుపడ్డది. అందుకే గేదెలున్న మనకు ఇది పరాయి వస్తువు కాదు. గేదె పాలు పొడి చేయడానికి పనికిరావన్న విదేశీ నిపుణుల మాటను 1955లో ఆనంద్‌లో హెచ్.ఎం. దలాయా గారు తప్పని చూపారు. గేదె పాల చీజ్ కూడా ఈనాడు మన దేశంలో తయారవుతున్నది.

ఒక కిలో మోజరెల్లాకు ఆవు పాలయితే సుమారు 10 లీటర్లు పడతాయి. గేదె పాలలో వెన్న, మాంసకృత్తులు ఎక్కువ కనుక అంతకంటే తక్కువ చాలు. పాలను కాచి చల్లార్చి, తోడువంటి సూక్ష్మజీవులను చేర్చి, రెన్నెట్‌తో విరగ్గొడతారు. గడ్డను కోసి నీరు వార్చి, తగిన పులుపు వచ్చాక వేడినీటిలో పిసికి సాగదీస్తారు. ఆ పిసకడం వల్లనే మాంసకృత్తులు పోగుల్లాగా అమరి, కాల్చినప్పుడు తీగలు వస్తాయి. కాబట్టి ఆ సభ్యురాలికి జవాబు: అది రబ్బరు కాదు, పాలలోని మాంసకృత్తి.

అయితే పామాయిలు కలిపి చీజ్‌లా కనిపించేటట్లు చేసిన సరుకు కూడా బజారులో కలదు. దానిని పాల పదార్థంగా అమ్మరాదనీ, అనుకరణ పదార్థమని లేబులు మీద తెలపాలనీ చట్టం చెబుతున్నది. కాని పళ్ళెంలోకి వచ్చేసరికి లేబులు ఎక్కడుంటుంది? చీజ్ కరిగి సాగితే చాలుననుకునే చిన్న హోటళ్ళు చౌకదాన్నే కొంటాయి. అమ్ముడైన ప్రతి కిలో పామాయిలు చీజ్‌కూ అన్ని లీటర్ల పాలకు గిరాకీ తగ్గినట్లే. ఇంటికి చీజ్ కొనేవారు డబ్బా మీద పదార్థాల జాబితాలో పాలు ఉన్నాయా, వంటనూనె ఉన్నదా అని చదవండి.

ఇక మన వైపు చూసుకోవలసినది ఒకటున్నది. పొదుగువాపు వచ్చిన గేదెకు యాంటీబయాటిక్ మందు వేస్తాము. ఆ మందు పాలలోకి దిగుతుంది. ఆ పాలను ఇంట్లో తోడు పెట్టి చూడండి, సరిగా పేరుకోదు. చీజ్ కర్మాగారంలోనూ ఇంతే. తోడు సూక్ష్మజీవులు చస్తాయి, పులుపు రాదు, గడ్డ సాగదు. ఒక్క క్యాను పాలు కలిసినా తొట్టె మొత్తానికి చేటు రావచ్చు. నిలవ పాలు విరగకుండా సోడా కలిపినా పులుపు సరిగా రాదు. మందు వేసిన తరువాత ఎన్ని రోజులు పాలు పోయకూడదో సీసా మీద రాసి ఉంటుంది. చదవడం రాకపోతే పశువైద్యుడిని అడిగి, ఆ రోజుల పాలు కేంద్రానికి తేకండి. దూడకు కూడా పట్టవద్దు.